అన్వేషణ, మానవ స్వభావం మీద ఫొటో ప్రదర్శన: ఎంపిక, ప్రింట్లు, ఫ్రేములు, వెలుతురు

#1 తొలిఅడుగు

అందరికీ నమస్కారం. అన్వేషణ, మానవ స్వభావం అన్న అంశం మీద ఒక కళాఛాయాచిత్ర ప్రదర్శన సిద్ధమవుతోంది. గదులు రెండు. పెద్ద గదిలో ఒక గోడ 12 మీటర్లు, దాని ఎదుటిది 9 మీటర్లు. చిన్న గది 6 × 5 మీటర్లు. పైకప్పు 3.6 మీటర్ల ఎత్తు.

చేతిలో 70 చిత్రాలున్నాయి. సగం ఇప్పటి కళాకారులవి: గుహలు, హిమానీనదాలు, ఎడారి, పరిశోధన నౌకల మీద మనుషులు. ఇవి ఎక్కువగా 24 మెగాపిక్సెల్ ఫైళ్లు. మిగతా సగం ఆర్కైవులవి: ధ్రువయాత్రలు, పర్వతారోహణ, అపోలో. ఎన్ని ఉంచాలి, ఏ సైజులో వేయించాలి, ఏ వరుసలో పెట్టాలి, వెలుతురు ఎంత ఉండాలి అన్నవి ప్రశ్నలు. ఇంకొకటి కూడా ఉంది. పాత యాత్రల ఫొటోలు పెడితే కళాప్రదర్శన కాస్తా చరిత్ర పాఠమైపోతుందా?

#2 గోడవరుస

చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, మిగతావన్నీ దానిమీదే ఆధారపడతాయి. పాత ఫొటోలను కాలక్రమంలో పేరిస్తే పాఠమవుతుంది. కొత్తవాటి పక్కన ఒకే మానవ ప్రవృత్తి కింద పెడితే కాదు. కుతూహలం, భయం, సొంతం చేసుకోవాలన్న ఆశ, తోటివాడిమీద నమ్మకం, ఎవరైనా చూడాలన్న తపన: ఇలాంటి నాలుగైదు మాటలు రాసుకుని 70 చిత్రాలనూ వాటికింద పంచండి. వీటిలో దేనికిందా ఇమడని చిత్రం మంచిదే కావచ్చు, ఈ ప్రదర్శనకు మాత్రం కాదు.

ఇందుకు 10 × 15 సెం.మీ. చిన్న ప్రింట్లు వేయించి నేలమీద పరచండి. కంప్యూటర్ తెరమీద ఎంపిక చేస్తే రంగు బాగా పలికే చిత్రాలే గెలుస్తాయి. ప్రతి చిత్రం దగ్గరా మూడు ప్రశ్నలు: కెమెరా ఎక్కడ నిలబడింది, ఫ్రేములో ఎవరున్నారు, ఉండాల్సినవాళ్లలో ఎవరు లేరు?

1912 జనవరిలో బ్రిటిష్ యాత్రికుడు స్కాట్, అతని నలుగురు సహచరులు దక్షిణ ధ్రువం దగ్గర తీసుకున్న ఫొటో చూడండి. కెమెరా పట్టుకోవడానికి ఆరో మనిషి లేడు, ఐదుగురిలో ఒకడైన బవర్స్ దారం లాగితే షట్టర్ పడింది. అముండ్‌సెన్ 1911 డిసెంబర్ 14నే తన నార్వే బృందంతో అక్కడికి చేరాడు, తమకన్నా ముందే వచ్చాడని వాళ్లకు అప్పటికే తెలిసింది. అది తెలిశాక కూడా ఐదుగురూ సర్దుకుని ఫొటోకు సిద్ధమయ్యారు. ఐదుగురిలో ఎవరూ వెనక్కి చేరలేదు, ఫిల్మ్ మాత్రం చేరింది. ఆ ముఖాల్లో ఉన్నదానికి తేదీ అక్కర్లేదు. దాని పక్కన ఇప్పటి కళాకారుడు తీసిన ఏ అలసిన ముఖమైనా పెట్టండి, రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడతాయి.

సంఖ్య విషయానికొస్తే 24 నుంచి 26, అంతకు మించొద్దు. లెక్క తర్వాత రాస్తాను.

#3 సిల్వర్‌జెలటిన్

పై మాటతో ఏకీభవిస్తూ ఒక హెచ్చరిక. ఆర్కైవు చిత్రాల్లో రెండు రకాల నెగటివులుంటాయి, రెంటినీ ఒకే సైజుకు పెంచకూడదు.

షాకిల్టన్ అంటార్కిటికాకు ఎండ్యూరెన్స్ ఓడమీద చేసిన యాత్రలో ఫొటోగ్రాఫర్ ఫ్రాంక్ హర్లీ మొదట పెద్ద గాజు పలకల మీద తీశాడు. ఓడ మంచులో నలిగిపోయాక బరువు తగ్గించుకోవడానికి దాదాపు 120 పలకలు ఉంచుకుని సుమారు 400 పగలగొట్టాడు. ఆ తర్వాత అతని దగ్గర మిగిలింది జేబులో పట్టే కోడాక్ కెమెరా, మూడు ఫిల్మ్ రోల్స్. గాజు పలక నుంచి మంచి స్కాన్ దొరికితే మీటరు వెడల్పుకు హాయిగా పెరుగుతుంది. జేబు కెమెరా నెగటివు 4 × 6.5 సెం.మీ. మాత్రమే, 30–35 సెం.మీ. దాటితే గ్రెయిన్ (ఫిల్మ్ రేణువులు) తప్ప ఏమీ కనబడదు. చిన్నవాటిని చిన్నగానే వేయండి. ఓడ ఉన్నప్పటి చిత్రాలు పెద్దవిగా, ఓడ పోయాక చిత్రాలు అరచేతంత పెడితే, వాళ్ల చేతుల్లోంచి ఏం జారిపోయిందో సైజులే చెబుతాయి. క్యాప్షన్‌లో విడిగా వివరించక్కర్లేదు.

రెండోది, మచ్చలు. 1897లో ఉత్తర ధ్రువానికి బయల్దేరిన ఆండ్రే బెలూన్ యాత్రలో స్ట్రిండ్‌బర్గ్ తీసిన ఫిల్మ్ 33 ఏళ్లు మంచులో పడి ఉండి 1930లో దొరికింది. 240 ఫ్రేముల్లో 93 వరకు బయటపడ్డాయి. వాటిమీది మరకలు, కారిన చారలు ఆ చిత్రంలో భాగమే. స్కానర్ గాజుమీద పడ్డ దుమ్ము తీసేయండి, నెగటివుకు కాలం చేసిన గాయం తుడవకండి. తేడా తెలుసుకోవడం సులభం: అదే నెగటివును కాస్త జరిపి మళ్లీ స్కాన్ చేస్తే, స్కానర్ దుమ్ము చిత్రంమీద చోటు మారుతుంది, నెగటివు మచ్చ మారదు.

#4 తొలిఅడుగు

ఇది చాలా ఉపయోగం. ఇంకో సంగతి: పరీక్షకు వేయించిన ప్రింట్లలో గుహల చిత్రాలు తెరమీద కన్నా బాగా నల్లగా వచ్చాయి, హిమానీనదం నీలం వెలిసిపోయింది. కాగితం మార్చాలా?

#5 పిగ్మెంట్

కాగితం కన్నా ముందు తెర సంగతి చూడండి. ప్రింటు నల్లగా రావడానికి పదింట ఎనిమిదిసార్లు కారణం తెర మరీ వెలుగుగా ఉండటమే. కొత్త మానిటర్లు పెట్టెలోంచి తీసినప్పుడే 250–300 క్యాండెలాల దగ్గర ఉంటాయి. చదరపు మీటరుకు 80–100 క్యాండెలాలకు దించి, క్యాలిబ్రేటర్‌తో సరిచేసి, ఆ కాగితం ప్రొఫైల్ (దానిమీద రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలు) పెట్టి సాఫ్ట్ ప్రూఫ్, అంటే ప్రింటు ఎలా వస్తుందో తెరమీదే, చూడండి. గుహల చిత్రాల్లో నీడలు అక్కడే మూసుకుపోతూ కనిపిస్తాయి. మిడ్‌టోన్లు (నలుపు తెలుపుల మధ్య ఛాయలు) కాస్త ఎత్తండి. మొత్తం ఎక్స్‌పోజర్ పెంచితే నలుపు బూడిదైపోతుంది, అది చేయొద్దు.

ఇక కాగితం. మ్యాట్ కాటన్ కాగితం మీద గరిష్ఠ నలుపు సాంద్రత సుమారు 1.6–1.7 దగ్గర ఆగుతుంది. బరైటా, అంటే కాస్త మెరుపున్న పూత కాగితం, మీద 2.2 పైకి వెళుతుంది. గుహ, రాత్రి, అంతరిక్షం: వీటికి బరైటా. పొగమంచు, ఇసుక, అలసిన ముఖాలకు మ్యాట్ బాగుంటుంది. ఒకే ప్రదర్శనలో రెండూ వాడొచ్చు, కానీ ఒకే గోడమీద పక్కపక్కన వద్దు. మ్యాట్ నలుపు పక్కవాటి ముందు తేలిపోతుంది.

హిమానీనదం నీలం మ్యాట్ కాగితం రంగుల పరిధికి బయట పడుతుంది. పరిధి బయటి రంగులను కాగితానికి సర్దే పద్ధతుల్లో ఒకటైన రెలెటివ్ ఇంటెంట్‌లో ఆ నీలాలన్నీ పరిధి అంచుకు చేరి ఒకే ముద్దగా అవుతాయి. ఇంకో పద్ధతి పర్సెప్చువల్‌కు మార్చి చూడండి, మెట్లు తిరిగి వస్తాయి, మొత్తం మాత్రం కొద్దిగా మెత్తబడుతుంది. మంచు హైలైట్లు (బాగా తెల్లటి చోట్లు) 0–255 కొలమానంలో 255 దాకా పోనివ్వకండి, 245–248 దగ్గర ఆపండి. 255 అంటే అక్కడ ఇంకు పడదు. మెరిసే కాగితంమీద ఆ భాగం పక్కనుంచి చూస్తే వేరే మెరుపుతో అతుకులా కనిపిస్తుంది.

సైజు లెక్క: 24 మెగాపిక్సెల్ అంటే 6000 × 4000. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున 20 × 13 అంగుళాలు, 200 చొప్పున 30 × 20, 150 చొప్పున 40 × 26. రెండు మీటర్ల దూరం నుంచి చూసే పెద్ద ప్రింటుకు 150 సరిపోతుంది. కానీ జనం పెద్ద ప్రింటు దగ్గరికే నడుస్తారు, అది అందరి స్వభావం. కాబట్టి చిన్న వివరాలున్న చిత్రమైతే 200 కన్నా దిగకండి. షార్పెనింగ్ అసలు సైజుకు మార్చాకే.

అన్నీ వేయించే ముందు ప్రతి చిత్రంలోంచి కష్టమైన ముక్క 10 × 25 సెం.మీ. కత్తిరించి, అసలు సైజు స్కేలులోనే టెస్ట్ స్ట్రిప్ వేయించండి. దాన్ని ప్రదర్శన గదిలో పెట్టబోయే దీపం కిందే చూడాలి, ప్రింటు వేసే చోట ట్యూబులైటు కింద కాదు.

#6 చట్రం

పిగ్మెంట్ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ప్రింటు బయటికి రాగానే ఫ్రేములో బిగించకండి. ఇంకులో గ్లైకాల్ ద్రావకాలు ఆవిరి కావాలి. పైన సాదా కాగితం పరిచి కనీసం 24 గంటలు ఉంచండి, బరైటాకు రెండు రోజులు ఇంకా మంచిది. లేకపోతే కొన్ని వారాలకు గాజు లోపలివైపు పొగలాంటి పొర కడుతుంది. నల్లటి చిత్రాల మీద అది వెంటనే కనబడుతుంది.

అమరిక: ఆమ్లరహిత వెనుక బోర్డు, దానికి ప్రింటును పై అంచున రెండుచోట్ల మాత్రమే జపనీస్ కాగితం హింజిలతో (మడత పట్టీలతో) అంటించాలి. జిగురుకు గోధుమ గంజి. నాలుగువైపులా టేపు వేస్తే, తేమ పెరిగినప్పుడు కాగితం సాగడానికి చోటు దొరక్క అలలు తేలుతుంది. ఎక్కువ ప్రదర్శనల్లో కనిపించే ఉబ్బులకు మూలం ఇదే. ముందు కిటికీ మ్యాటు (చిత్రం చుట్టూ పెట్టే, మధ్యలో కోసిన అట్ట) 4 ప్లై (పొరల) మందం అయినా ఉండాలి. అది అందానికి మాత్రమే కాదు, ప్రింటు గాజుకు తగలకుండా ఆపుతుంది. తగిలినచోట బరైటా పూత అంటుకుపోతే ఊడదీయడం కుదరదు. మ్యాటు వద్దనుకుంటే ఫ్రేము అంచులో స్పేసర్లు పెట్టండి.

అల్యూమినియం షీటుకు అతికించడం పెద్ద ప్రింట్లకు చదునుగా బాగుంటుంది, కానీ అది తిరిగి ఊడదు. ఆర్కైవు ఒప్పందంతో తెచ్చిన ప్రింట్లకు, కళాకారుడు స్వయంగా వేసిన ఒక్కగానొక్క ప్రింట్లకు అది వద్దు.

గాజా, అక్రిలిక్కా అంటే బరువు చూడండి. 100 × 150 సెం.మీ.కి 3 మి.మీ. గాజు 11 కిలోలు దాటుతుంది, అదే మందం అక్రిలిక్ సుమారు 5.4 కిలోలు. మీటరు దాటినవన్నీ అక్రిలిక్. అది వేడికి సాగుతుంది కాబట్టి ఫ్రేము గాడిలో చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఇవ్వాలి, లేకపోతే మధ్యలో పొంగుతుంది. అమ్మోనియా ఉన్న గాజు తుడిచే ద్రావణం అక్రిలిక్ మీద కొట్టొద్దు, సన్నని పగుళ్లు వస్తాయి.

70 సెం.మీ. దాటిన వెడల్పుకు వెనక ఒకే తీగ కన్నా రెండు డీ-రింగులు, రెండు కొక్కేలు మేలు. తీగమీద వేలాడేది తలుపు వేసిన ప్రతిసారీ ఒకపక్కకు ఒరుగుతుంది.

#7 గోడవరుస

మాటిచ్చిన లెక్క. 12 మీటర్ల గోడమీద ఫ్రేముతో కలిపి 150 సెం.మీ. వెడల్పుది ఒకటి, 70 సెం.మీ.వి ఐదు అనుకుందాం. మొత్తం 500. గోడలో మిగిలింది 700. రెండు చివర్లా 100 చొప్పున వదిలితే 500. ఆరు చిత్రాల మధ్య ఐదు ఖాళీలు, సమానంగా పంచితే 100 చొప్పున.

ఇప్పుడు ఆ సమానత్వాన్ని చెడగొట్టండి. వరుస ఇలా: మొదటి జత మధ్య 40, ఆ తర్వాత 160, పెద్ద చిత్రం, మళ్లీ 160, రెండో జత మధ్య 40, ఆ తర్వాత 100, ఒంటరి చిత్రం. కూడితే మళ్లీ 500. దగ్గరగా ఉన్నవాటిని కన్ను పోలుస్తుంది, దూరంగా ఉన్నదాని ముందు కాలు ఆగుతుంది. అన్నీ సమదూరంలో ఉంటే జనం నడుస్తూనే పోతారు.

ఎత్తు: చిత్రం మధ్యబిందువు నేలనుంచి 145–150 సెం.మీ. ఏదో ఒకటి ఎంచుకుని అన్నింటికీ అదే పాటించండి. కొక్కెం ఎత్తు = మధ్యబిందువు + ఫ్రేము ఎత్తులో సగం − ఫ్రేము పై అంచునుంచి రింగు దాకా ఉన్న దూరం. 70 ఎత్తు ఫ్రేము, రింగు 6 సెం.మీ. కిందికి ఉంటే 145 + 35 − 6 = 174. తీగ వాడితే దాన్ని వేలితో పైకి లాగి, బిగువుగా ఉన్నప్పుడే ఆ దూరం కొలవాలి. వదులుగా ఉండగా కొలిస్తే చిత్రం రెండు మూడు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది.

9 మీటర్ల గోడకు ఐదు లేదా ఆరు, చిన్న గదిలో తలుపు పోగా తొమ్మిది పది, అడ్డగోడలకు మిగతావి. 24–26 అన్నది ఇలా వచ్చింది.

#8 లక్స్‌మీటర్

వెలుతురు. కొత్త పిగ్మెంట్ ఇంకు ప్రింట్లకు 150–200 లక్స్ (ఉపరితలంమీద పడే వెలుతురు కొలత), పాత అసలు ప్రింట్లు అరువు తెస్తే 50 లక్స్ దాటొద్దు. 50 లక్స్ చొప్పున రోజుకు 8 గంటలు, 60 రోజులు అంటే 24,000 లక్స్-గంటలు. 150 అయితే 72,000. అరువిచ్చే సంస్థలు అడిగేది ఈ మొత్తమే, ముందే లెక్కకట్టి ఒప్పందంలో రాయండి. మీటరును చిత్రం ఉపరితలానికి ఆనించి ఐదుచోట్ల కొలవాలి: మధ్యలో, నాలుగు మూలల్లో. మూలకీ మధ్యకీ తేడా మూడో వంతు దాటితే దీపం మార్చండి లేదా దూరం జరపండి.

దీపం కోణం నిలువు గీతనుంచి 30 డిగ్రీలు. మీ 3.6 మీటర్ల పైకప్పుకు, 1.5 మీటర్ల మధ్యబిందువుకు లెక్క: 2.1 × 0.577, అంటే గోడనుంచి సుమారు 1.2 మీటర్ల దూరంలో ట్రాకు. గోడకు మరీ దగ్గరైతే ఫ్రేము పైఅంచు నీడ చిత్రంమీద పడుతుంది. మరీ దూరమైతే గాజులో దీపం, చూసేవాడి నీడ రెండూ పడతాయి. రంగు ఉష్ణోగ్రత 3000–3500 కెల్విన్, సీఆర్‌ఐ (రంగులను దీపం ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే కొలత) 90 పైన. గది అంతటా ఒకే రకం బల్బులు ఉండాలి.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. 200 లక్స్ గదినుంచి నేరుగా 50 లక్స్ గదిలోకి వస్తే ఆ గది చీకటిగా, చిత్రాలు మురికిగా అనిపిస్తాయి. మధ్యలో ముదురు గోడలున్న చిన్న నడవా లేదా పరిచయ వాక్యాల గోడ పెట్టి 100 లక్స్‌లో ఉంచండి. కంటికి అలవాటు పడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది.

#9 పిగ్మెంట్

ఇక్కడ చిన్న అభ్యంతరం. గుహల చిత్రాలను 150 లక్స్‌లో చూస్తే నీడల్లో వివరం పోతుంది. వాటికి 250 దాకా ఇవ్వండి, కొత్త ప్రింట్లే కదా.

#10 లక్స్‌మీటర్

కొన్ని వారాల ప్రదర్శనకు సరే. అయినా ముందు చుట్టూ గోడ వెలుతురు తగ్గించి చూడండి. దీపాన్ని చిత్రం హద్దులకే పరిమితం చేసే షట్టర్ లెన్స్ వాడి, గోడకు ముదురు బూడిద రంగు వేస్తే 150 లక్స్‌లోనే నీడలు తెరుచుకుంటాయి. కన్ను చూసేది నిష్పత్తిని.

#11 ఎవరిచూపు

ఫ్రేములు, దీపాలు బాగా తేలాయి. మొదట గోడవరుస గారు అడిగిన మూడో ప్రశ్న దగ్గరికి మళ్లీ వస్తాను: ఎవరు లేరు? ఈ అంశానికి అదే ఆయువుపట్టు.

1953 మే 29న ఎవరెస్ట్ శిఖరంమీద తీసిన ప్రసిద్ధ ఫొటోలో ఉన్నది టెన్జింగ్. కెమెరా హిల్లరీ చేతిలో ఉంది, శిఖరంమీద హిల్లరీ ఫొటో లేదు. అపోలో 11లో చంద్రుడిమీద కెమెరా ఎక్కువసేపు ఆర్మ్‌స్ట్రాంగ్ దగ్గరే ఉంది. అందుకే అందరికీ తెలిసిన ఆ చిత్రంలో నిలబడ్డది ఆల్డ్రిన్, అతని హెల్మెట్ అద్దంలో చిన్న ఆకారంగా ఆర్మ్‌స్ట్రాంగ్. ఈ రెండూ 40 సెం.మీ. దూరంలో జతగా పెట్టదగ్గవి. ముందు వెళ్లినవాడు కనబడకపోవడం, తోడు వచ్చినవాడు చరిత్ర ముఖం కావడం ఆ జతలోనే తెలుస్తుంది.

వ్యతిరేక దిశలోనూ చూడాలి. 1909లో అమెరికన్ యాత్రికుడు పియరీ ఉత్తర ధ్రువమని చెప్పిన చోట తీసిన ఫొటోలో ఐదుగురున్నారు: మాథ్యూ హెన్సన్, నలుగురు ఇన్యూట్లు ఊటా, ఎగింగ్వా, సీగ్లూ, ఊక్వియా. క్యాప్షన్‌లో ‘పియరీ బృందం’ అని రాస్తే ఐదుగురినీ మళ్లీ చెరిపేసినట్టే. ఐదు పేర్లూ రాయండి, ధ్రువం చేరామన్న వాదన వివాదంలో ఉందనీ రాయండి.

మార్చిన చిత్రాల సంగతి దాచొద్దు. హర్లీ నెగటివులు కలిపి ప్రింట్లు చేసేవాడు. ఎండ్యూరెన్స్ మనుషులు చిక్కుకున్న ఎలిఫెంట్ దీవిలో రక్షణ దృశ్యంగా చలామణీ అయిన చిత్రం నిజానికి సాయం తేవడానికి జేమ్స్ కేయర్డ్ పడవ బయల్దేరినప్పటిది. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ కర్టిస్ ఒక పీగన్ (అమెరికా ఆదివాసీ తెగ) గుడారం చిత్రంలో ఇద్దరి మధ్య ఉన్న గడియారాన్ని చెరిపేసి ప్రచురించాడు. ఇవి పెట్టాలనే నా అభిప్రాయం, ఎందుకంటే చూడాలనుకున్నదే చూపించే గుణం కూడా మానవ స్వభావమే. కానీ మార్పు సంగతి క్యాప్షన్ మొదటి రెండు వాక్యాల్లోనే ఉండాలి.

ఇప్పటి కళాకారుల చిత్రాల్లో గైడ్లు, మోతగాళ్లు, స్థానికులు ఉంటే రాతపూర్వక అంగీకారం అడగండి. పేరు వేయమంటే వేయాలి, వద్దంటే వద్దు. సమాధులు, మానవ అవశేషాలు, పూజాస్థలాల చిత్రాలకు ఆ సమూహం అనుమతి లేకపోతే పక్కన పెట్టేయండి. నాసా చిత్రాలకు సాధారణంగా కాపీరైట్ ఉండదు, అయినా గుర్తుపట్టగల వ్యక్తి ముఖాన్ని ప్రదర్శన ప్రచారానికి వాడేముందు వాళ్ల నియమాలు చదవండి.

క్యాప్షన్ 40–50 పదాలు, 18 పాయింట్లకు తగ్గని అక్షరం, మెరుపులేని కాగితం, చిత్రానికి కుడిపక్క, మధ్యభాగం 125 సెం.మీ. ఎత్తున. చిత్రంలో కనిపిస్తున్నదే మళ్లీ చెప్పకండి. కనబడనిది చెప్పండి.

#12 తొలిఅడుగు

పియరీ ఫొటో జాబితాలో ఉంది, క్యాప్షన్ సరిగ్గా ‘పియరీ బృందం’ అనే ఉంది. మారుస్తున్నాం. అపోలో 8లో వ్యోమగామి ఆండర్స్ 1968 డిసెంబర్ 24న తీసిన భూమి ఉదయించే చిత్రాన్ని ఎలా వేలాడదీయాలి? చంద్రుడి నేల కిందికి ఉండేలా అందరూ పెడతారు, కానీ అసలు తీసినప్పుడు అలా లేదని చదివాను.

#13 సిల్వర్‌జెలటిన్

నిజమే. ఆండర్స్ చూసిన దిశలో చంద్రుడి అంచు కుడివైపు నిలువుగా ఉంటుంది, భూమి దానికి ఎడమన. అడ్డంగా తిప్పాకే ‘ఉదయించడం’ కనిపించింది. మనిషి ఎక్కడికి వెళ్లినా కాళ్లకింద నేల వెతుక్కుంటాడు. మీ అంశానికి ఇంతకంటే దగ్గరి చిత్రం లేదు కాబట్టి నిలువుగానే పెట్టండి, తిప్పిన సంగతి క్యాప్షన్‌లో ఒక్క వాక్యంలో చెప్పండి. అది 70 మి.మీ. ఫిల్మ్, మంచి స్కాన్ మీటరు దాకా తట్టుకుంటుంది. ఆకాశం నలుపు కోసం బరైటా.

#14 గోడవరుస

నిలువుగా పెడితే వెనక ఫ్రేముమీద ‘పైవైపు’ అని బాణం గుర్తు రాయించండి. బిగించేవాళ్లు అలవాటు కొద్దీ తిప్పి పెడతారు.

#15 తొలిఅడుగు

చివరి ప్రశ్న: బిగించడానికి ఎన్ని రోజులు పెట్టుకోవాలి, ఏ వరుసలో?

#16 చట్రం

26 చిత్రాలకు ఇద్దరు మనుషులు, మూడు రోజులు. మొదటిరోజు గోడల రంగు పూర్తిగా ఆరి ఉండాలి, పచ్చి రంగు వాసన ఉన్న గదిలోకి ప్రింట్లు తేకండి. ఫ్రేములన్నీ పెట్టెలతో సహా గదిలో 24 గంటలు ఉంచండి. చల్లటి గోదాంలోంచి తెచ్చి వెంటనే తెరిస్తే గాజు లోపల నీరు పడుతుంది. గదిలో తేమ 40–50 శాతం మధ్య నిలకడగా ఉందో లేదో ఆ రాత్రి నమోదు చేయండి.

రెండోరోజు పెట్టెలు విప్పి, ఫ్రేములను గోడకు ఆనించి, కింద ఫోమ్ ముక్కలమీద వరుసగా నిలపండి. గంటసేపు అలాగే వదిలి, గుమ్మంలోంచి చూసి మార్పులు అప్పుడే చేయండి. రంధ్రం వేశాక మార్చడం ఎవరికీ మనసొప్పదు. తర్వాత లేజర్ లెవెల్ గీత 145 దగ్గర వేసి, ముందు పెద్ద చిత్రం, దానినుంచి రెండువైపులకూ వెళ్లండి. గోడ పగుళ్లు, కరెంటు తీగల చోటు డిటెక్టర్‌తో చూశాకే డ్రిల్లు. జిప్సమ్ బోర్డు గోడైతే లోపల ఫ్రేమింగ్ దొరికే చోట కొక్కేలు, దొరకనిచోట బరువుకు మూడు రెట్లు మోసే యాంకర్లు.

మూడోరోజు దీపాలు, ఆ తర్వాతే క్యాప్షన్లు. క్యాప్షన్లు ముందు అంటిస్తే సగంమీద ఫ్రేము నీడ పడుతుంది.